శకునపక్షి



ఉగాది వెళ్లిన మరుసటి ఆదివారమున, తెలతెలవారుచుండగా, నేనును పదియేండ్ల నా కుమార్తెయు తెనాలి చెంతనున్న అంగలకుదురు గ్రామమునకు పోయితిమి. అది మా మాతామహుల ఊరు. బాల్యమున వేసవి సెలవులన్నియు నేనచ్చటనే గడపితిని. ఈమారు మేము పోయినది బంధుదర్శనమునకు గాదు. వసంతమున కనబడు పక్షులను, సీతాకోకచిలుకలను చూచి వ్రాసికొని రమ్మని అమ్మాయికి పాఠశాలలో పని యొసగిరి. ఆమె చేతిలో నొక చిన్న పుస్తకము, నా మెడలో నొక దుర్భిణి. ఆ నడకలో మాకు తటస్థపడిన యొక వ్యవహారమును నేడు మీకు విన్నవింపదలచితిని. ధర్మోపన్యాసమునకు పిట్టల కథ తగునా యని మీలో కొందరు సందేహింపవచ్చును. విన్నపిమ్మట తీర్పు చెప్పుదురుగాక.

బయలుదేరునప్పుడే నేనామెకొక నియమము చెప్పితిని. న్యాయస్థానమున సాక్షి తాను కన్నదే చెప్పవలెను. పరులు చెప్పగా విన్నది సాక్ష్యము కాదు. కావున నీ పుస్తకములో నీవు కన్నదే వ్రాయుము, అంటిని. వృత్తివాసన యెక్కడికి పోవును! ప్రొద్దెక్కకమునుపే ఆ నియమము నా మెడకే చుట్టుకొనునని అప్పుడు నేనెరుగను.

విజయవాడయొద్ద కృష్ణకు 1855లో ఆనకట్ట ముగిసినది మొదలు, 1957లో దాని స్థానమున ప్రకాశం బ్యారేజి వెలసిన తరువాత నేటివరకును, ఈ పశ్చిమ డెల్టా భూములు కాలువనీటిచేతనే బ్రదుకుచున్నవి. చైత్రమున వరిపని ముగిసియుండును. మినుము పీకిన చేలు బోడిగా నుండెను. అచ్చటచ్చట మొక్కజొన్న నిలిచియుండెను. కాలువలో నీరు తగ్గి, మడుగులు మడుగులుగా మిగిలి, వానిచుట్టు కొంగలు చేరియుండెను. కొంగలు తెలుపని నేను చెప్పబోవునంతలో అమ్మాయి దుర్భిణి లాగికొని, "నాన్నగారూ, ఈ కొంగ తల నారింజరంగుగా నున్నదే!" యనెను. చూడగా నిజమే. పశువులవెంట తిరుగు ఆ చిన్నకొంగలకు గూడుకట్టు కాలమున తల, మెడ, వీపు నారింజపసుపు వన్నె దాల్చును. నలువది యేండ్లకు పైబడి యేటేట నా కన్నులయెదుటనే యిది జరుగుచున్నది. నేనెన్నడును చూడలేదు.

మినపచేలో పురుగులను తినుటకై పక్షులు వ్రాలునట్లు రైతులు నాటిన కొయ్యపై, రెండుగా చీలిన తోకతో నొక నల్లని పిట్ట కూర్చుండెను. పసుల పోలిగాడని మాతాత దానిని పిలుచుచుండెను. గేదెల వీపులపై స్వారిచేయు పక్షికి ఇంతకంటె మంచి పేరు పెట్టగలవారెవరు? మామిడితోపులో కోకిల కూయుచుండెను. మన కవులు ఆ గానమును తరచుగా స్త్రీకంఠమునకు సాటి చెప్పినారుగాని, ఆ కుహూరవము నల్లనైన మగపక్షిది. ఆడుది గోధుమవన్నె మేనిపై తెల్లచుక్కలతో ఆకులమాటున నుండి, కాకిగూటికై పొంచియుండును. ఇవన్నియు పుస్తకములోనికెక్కినవి.

కాలువగట్టుమీద తల తెగిన తాటిమోడొకటి నిలిచియుండెను. దాని కొననొక పక్షి కదలక కూర్చుండెను. మట్టిరంగు రొమ్ము, పెద్దతల, చూచుటకు సామాన్యము. అమ్మాయి "ఇదేమి?" యని అడుగులోపల అది లేచి నిట్టనిలువుగా ఆకసమునకెక్కెను. ఎక్కి, ఎక్కి, ఒక్కచోట నిలిచినట్లై, రెక్కలు విప్పి, తలక్రిందుగా పడుచు, పడుటలో నిటునటు దొరలుచు, కర్కశమైన కేక వేయుచు దిగివచ్చెను. ఆ విప్పిన రెక్కలలో రెండు నీలములు: ఒకటి నడిసంద్రమువంటిది, ఒకటి తెల్లవారుజాము ఆకాశమువంటిది. మరల నెక్కెను, మరల దొరలెను. పాలపిట్ట! వసంతమున జోడుకొరకై మగపక్షి చేయు వినోదమిది. అమ్మాయి వ్రాయుట మరచి నోరు తెరచికొని చూచుచుండెను. నేనును అంతే. ఆ అరగడియసేపు నా మనస్సులో కోర్కెగాని, భయముగాని, నేనను తలపుగాని లేదు. కన్నులు మూసికొని కూర్చుండి నేను చేసిన ధ్యానములలో ఇట్టి స్థితి ఎన్నిమారులు కలిగినదని నన్నడుగకుడు.

అంతలో ఆ చేను గల రైతు వచ్చెను. ఊరివరుసను నేనాయనను మామయ్యగారని పిలుతును. ఆ మోడు తొఱ్ఱలో పాలపిట్ట గూడు పెట్టినదనియు, గట్టు బాగుచేయుటకు దానిని కొట్టింపదలచి మానుకొన్నాననియు ఆయన చెప్పెను. నాకు పరమానందమాయెను. "ఎందుకు మానుకొంటిరి?" అంటిని. "పాలపిట్ట శుభం గదా అల్లుడూ! ఇంట్లో పెళ్లి పెట్టుకొని దాని గూడు పడగొడతానా?" అనెను.

నా యానందమున కొంచెము చిల్లుపడెను. ఇచ్చట నొక మాటపట్టు చెప్పవలసియున్నది. సంస్కృతమున శకునమనగా మొదట పక్షియే. మాలినీతీరమున పక్షులు కాపాడిన పసికందు కావుననే శకుంతలకా పేరు. కాలక్రమమున ఆ శబ్దమునకు పక్షి పోయి, మన లాభనష్టముల సూచన మాత్రము మిగిలెను. రోమకులును ఇట్లే చేసిరి. ఆంగ్లమున శుభకరమను అర్థముగల ఆస్పిషస్ అను పదము, పక్షిని చూచుట యను లాటిను మాటలనుండి పుట్టినది. క్రీస్తుకు పూర్వము 249లో రోమక సేనాని క్లాడియస్ పుల్కర్, యుద్ధమునకు ముందు శకునపు కోళ్లు గింజలు ముట్టలేదని కోపించి వానిని సముద్రమున పారవేయించెననియు, పిదప ఓడిపోయెననియు చెప్పుదురు. శకునవాదులకిది మిక్కిలి ప్రియమైన కథ. కోళ్లు పడిన పాటును తలచినవారిని మాత్రము నేనెరుగను.

పక్షిని శకునముగా చూచుట నిరపాయమైన ముచ్చటయే కదా యని మీరనవచ్చును. తెలంగాణమున విజయదశమినాడు పాలపిట్టను చూచుట శుభమని తరతరముల నమ్మకము. పొలమునకు పోయి ఎగురుదానిని చూచి నమస్కరించినంతవరకు దానిలో దోషము లేదు. కాని పట్టణవాసికి పొలము దూరము. పుణ్యము వాకిటికే రావలెను. అందుచేత వలపన్ని పట్టి, కాళ్లు కట్టి, రెక్కలు విప్పకుండ బంధించి, పంజరములలో వీథివెంట త్రిప్పి డబ్బునకు చూపించువారు బయలుదేరిరి. రాష్ట్రవిభజనము తరువాత తెలంగాణము తన రాష్ట్రపక్షిగా నిలుపుకొన్నది ఈ పక్షినే. ఆంధ్రప్రదేశము 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించెను. ఆ రామచిలుకయే జ్యోతిష్కుని బోనులోనుండి చీట్లు తీయుచుండుటను మనము చూచియున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునుబట్టి రెండును నేరములే. చట్టము సంగతి నేను చెప్పనక్కరలేదు, కొనువాడున్నంతకాలము పట్టువాడుండును. కొనువాడు తాను పక్షిని చూచితిననుకొనును. ఆ యెక్కుట, ఆ దొరలుట, ఆ నీలము, వీనిలో నతడు చూచినదేమి?

మామయ్యగారు మమ్ము తమ యింటికి రమ్మనిరి. దారిలో వారి నిమ్మతోట కలదు. తెనాలి నిమ్మకాయల విపణి పేరొందినదని మీరెరుగుదురు. ఆ తోటలో నలుపుపై పసుపుమచ్చలుగల యొక సీతాకోకచిలుక చెట్టునుండి చెట్టునకు తిరుగుచుండెను. ఆకుపై వ్రాలి ముందుకాళ్లతో తడతడ తట్టును, లేచిపోవును, మరియొక ఆకు తట్టును. దాని రుచి కాళ్లలో నున్నది. ఇది నిమ్మజాతి ఆకే యని కాలితో రుచిచూచి నిశ్చయించుకొన్నపిమ్మటనే గ్రుడ్డు పెట్టును. వేరు ఆకుపై పెట్టినచో పిల్ల ఆకలిచే చచ్చును. తాను రుచిచూచిన ఆకు తాను తినదు. తాను పెట్టిన గ్రుడ్డునుండి వచ్చు పిల్లను తాను చూడదు. లేత ఆకుపై పిట్టరెట్ట పడినట్లున్నదానిని అమ్మాయి గిల్లబోగా అది కదలెను. ఆ పురుగే! శత్రువు చూచి రోయవలెనని దానికా వేషము. "పెద్దదైతే చూడముచ్చటే, ఇప్పుడు మాత్రం మొక్కకి ముప్పు" అని మామయ్యగారు నవ్విరి. ఎదిగినచెట్టుకు నాలుగాకులు పోయిన నష్టము లేదనియు, నారుమొక్కలనుండి మాత్రము ఏరివేయుదుమనియు చెప్పిరి. అది న్యాయమే.

ఇచ్చట నాబోటి ఉపన్యాసకులు గొంగళిపురుగును జీవునిగను, గూటిని సంసారముగను, రెక్కలను మోక్షముగను వర్ణించుట పరిపాటి. నేనును పలుమారులు వర్ణించితిని, కరతాళధ్వనులును పొందితిని. ఆ యుదయమున నాకు సిగ్గువేసెను. చిలుకచేత చీటి తీయించువాడును, సీతాకోకచిలుకచేత వేదాంతము చెప్పించువాడును, ఆ ప్రాణిని తనపనికి వాడుకొనువారే కదా! ఒకే వృక్షముపై రెండు పక్షులు కూర్చున్నవనియు, ఒకటి ఫలము తినుచుండ రెండవది తినక చూచుచున్నదనియు ఉపనిషత్తు చెప్పెను. అదియు ఉపమానమే. కాని దానిని చెప్పిన ఋషి యేనాడో చెట్టుక్రింద చాలసేపు ఊరక కూర్చుండి, నిజమైన పక్షులను చూచియే యుండవలెను.

ఇంటికి చేరితిమి. వసారాలో దూలమునకు వరికంకుల కుచ్చు వ్రేలాడుచుండెను. పిచ్చుకలు దానిపై కలహించుచుండెను. అత్తయ్యగారు మాకు మజ్జిగ యిచ్చిరి. వైశాఖ బహుళములో కూతురి వివాహము. ఇల్లు వెల్లవేయించుచుండిరి. మాటలలో మామయ్యగారు, "పాత పెంకుటింటి అటకమీద గుడ్లగూబ చేరింది. పిల్లల్ని కూడా పెట్టింది. రేపు మనుషుల్ని పిలిపించి పొగపెట్టి తీయించేస్తా. పెళ్లింట చావుపిట్ట ఏమిటి!" అనిరి.

పాలపిట్టను కాపాడిన నోటినుండియే ఈ మాట వచ్చెను. అదే పెండ్లి, అదే కారణము.

నాకు వాదము సిద్ధముగనే యుండెను. "మామయ్యగారూ, వంగదేశమున గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనము. ఇంట చేరుట ఐశ్వర్యమని వారి నమ్మకము. పెండ్లివేళ లక్ష్మి తనంత వచ్చినదనుకొనుడు" అంటిని. ఆయన ముఖము వికసించెను. "అట్లాగా అల్లుడూ! లక్ష్మి వాహనమా!" అనిరి. వ్యాజ్యెము గెలిచితిని. అప్పుడు అమ్మాయి నావైపు తిరిగి, మెల్లగా, "మీరు నమ్ముదురా నాన్నగారూ?" అని అడిగెను.

సోదరులారా, ఇరువది సంవత్సరములుగా న్యాయస్థానములలో ఎదిరిపక్షపు ప్రశ్నలు వినుచున్నాను. ఇట్టి ప్రశ్న నాకెవరును వేయలేదు. నేను నమ్మను. పైగా, నేను చెప్పక దాచినదొకటి కలదు: ఆ లక్ష్మీవాహనమను నమ్మకమువలననే ఉత్తరదేశమున దీపావళినాటి క్షుద్రపూజలకై గుడ్లగూబలను పట్టి బలియిచ్చుచున్నారు. శుభమన్నను చచ్చుచున్నది, అశుభమన్నను చచ్చుచున్నది. ఒక ప్రాణిని రక్షించుటకు చెప్పు అసత్యము తప్పా యని మీరడుగవచ్చును. ఆ యడుగుట నాకును వచ్చినది. కాని ఆ అసత్యము నేడు నాది, రేపు ఎవరిదగునో?

నేను నా వాదమును ఉపసంహరించుకొని, ఆ ఊరిలోనే జరిగిన నా కథ చెప్పితిని. నాకప్పుడు తొమ్మిదియేండ్లు. తాతగారు నెలదినములుగా మంచమున నుండిరి. ఒకరాత్రి ఇంటిపై గూబ కీచుమని యరచెను. మూడవనాడు ఆయన గతించిరి. గూబ పిలిచికొనిపోయెనని ఇంటిల్లిపాదియు అనిరి. దాని గూడెక్కడనో నాకు తెలియును. పశువులపాక చూరులో నేనే కనిపెట్టియుంటిని. నేనే చూపించితిని. గడ్డి ముట్టించి పొగవేసిరి. తెల్లని దూదియుండలవంటి పిల్లలు నాలుగు క్రిందపడినవి. పిమ్మట జరిగినదానిని చెప్పను. వ్యాధి నెలనాటిది, అరపు మూడునాళ్లది. ముందున్న కార్యమునకు వెనుక వచ్చినది కారణమెట్లగునని అడిగినవాడు లేడు. ముద్దాయి మాట వినినవాడును లేడు. నేను న్యాయవాదినగుటకు అనేక కారణములు చెప్పియున్నానుగాని, ఈ నాలుగు పిల్లలను ఎవరికిని చెప్పియుండలేదు. నా కుమార్తెకు కూడ ఆనాడే తెలిసెను.

మామయ్యగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప, "అది వేరు అల్లుడూ. ఇది పెళ్లి. నలుగురూ ఏమంటారు?" అనిరి. ఆయన చెప్పినది తీసివేయదగినది కాదు. నమ్మకము విడిచినవానికిని నలుగురి నోటి భయముండును. మనలో సంస్కర్తలమనుకొనువారమును ఆ నలుగురికి జడిసి ఎన్నిమారులు వెనుకాడలేదు!

న్యాయము చెప్పవలెనన్న నమ్మకములన్నియు హింసకే దారితీయవు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమున ఏటేట వచ్చు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ల కొంగలను ఊరివారు తమ యదృష్టముగా భావించి కాపాడుచున్నారు. మన గుంటూరు సమీపమున ఉప్పలపాడు చెరువులోని చెట్లపై వేలకొలది పక్షులు గూళ్లు కట్టుచుండగా గ్రామస్థులు వానిని చేయిసాచి తరుమలేదు. వీరిని చూచి నేను చేతులు జోడింతును. కాని శుభమును అశుభమును కాని పక్షి గతి యేమి? కలివికోడిని 1848లో జెర్డన్ దొర లోకమునకు తెలిపెను. 1900 తరువాత దాని జాడ తెలియక నశించినదనుకొనిరి. 1986లో కడపమండలపు పొదలలో, రాత్రివేళ దీపములతో వెదకినవారికి అది మరల కనబడెను. అది ఏ ఇంటికిని ఐశ్వర్యము తేదు, ఏ ఇంటను చావు చెప్పదు. దానికొరకే దానిని వెదకినవారుండుటచే దొరకినది. అంతకంటె వేరు ప్రయోజనము లేని ఆ వెదకుటయే నా దృష్టిలో ఉపాసనకు మిక్కిలి దగ్గరిది. క్రౌంచపక్షి యేడ్పును దానియేడ్పుగనే వినినందున వాల్మీకి కవియాయెను. శకునముగా వినియున్నచో ఇంటికి మరలిపోయి స్నానము చేసియుండును.

ఈలోగా అమ్మాయి పెంకుటింటిలోనికి పోయి, అటకక్రింద పడియున్న నల్లని యుండలను కాగితములో మూటగట్టి తెచ్చెను. గూబ ఎలుకను పూర్తిగా మ్రింగి, అరగని బొచ్చును, ఎముకలను ఇట్టి యుండలుగా కక్కును. ఆమె వసారాలో కూర్చుండి పుల్లతో ఒక్కొక్కటి విప్పెను. ఆరు ఉండలు; పదునాలుగు పుర్రెలు. పొడుగాటి ముందుపండ్లతో వరుసగా పేర్చెను. డెల్టారైతునకు ఎలుక ఎట్టి శత్రువో మీకు నేను చెప్పనేల? మామయ్యగారు ఒక పుర్రెను గోటితో త్రిప్పి చూచుచు, "ఎలుకబుట్టలు పెట్టేవాళ్లకు ఏటా కూలి ఇస్తున్నానే!" అనిరి. బొరియలలో విషము పెట్టినచో ఆ యెలుకను తిన్న గూబయు చచ్చునని నేననగా విని ఊరకుండిరి. కాని, "మీ అత్తయ్య ఒప్పుకోవద్దూ?" అనిరి.

అత్తయ్యగారు గుమ్మమున నిలిచి ఇదంతయు వినుచునే యుండిరి. నేనామెతో వాదింపలేదు. వరికుచ్చువైపు చూపి, "అత్తయ్యగారూ, పిచ్చుకలకు కంకులు కట్టినందున ఫలమేమని శాస్త్రము?" అని అడిగితిని. "ఫలమేమిటయ్యా? వాటికి ఆకలి. తింటయ్, అంతే" అని ఆమె నాకు బుద్ధిచెప్పినట్లు పలికిరి.

తరువాత ఆమె పైటచెంగు భుజముపై కప్పుకొని, పెంకుటింటిలోనికి నడచిరి. మేమును వెంబడించితిమి. చీకటి యటకమీద, పాతధాన్యపు గోనెల వెనుక, తెల్లని హృదయాకారపు ముఖములు మూడు మావైపు తిరిగి ఇటునటు ఊగుచు బుసకొట్టినవి. ఆమె తొలుత ఒకడుగు వెనుకకు వేసిరి. పిదప చాలసేపు చూచుచు నిలిచిరి.

"ఇవి ఎగిరిపోయేదాకా ఎన్నాళ్లు పడుతుందమ్మాయ్?" అని అడిగిరి.

పుట్టిన రెండుమాసములకు ఎగురుననియు, వీనికి ఈకలు సగము వచ్చినందున ఇంక నెలదినములు పట్టవచ్చుననియు అమ్మాయి పుస్తకము తెరచి చెప్పెను. అత్తయ్యగారు పెదవులు కదలించుచు, వైశాఖ బహుళము వరకు దినములను వ్రేళ్లపై లెక్కించుకొనసాగిరి.